గాలి చొరబడని సంచులు: ఇంట్లో బియ్యం, పప్పులు నిజంగా పురుగు పట్టకుండా ఉంటాయా?



పోయిన నెల వీడియోలో మా మినుముల సంచులు ఒక్కొక్కటే విప్పి చూపించాను కదా, అప్పటి నుంచి రోజూ ఫోన్లే. అందరిదీ ఒకటే ప్రశ్న. "తమ్ముడూ, ఆ సంచి కొనమంటావా, వద్దంటావా?" ఫోన్లో రెండు ముక్కల్లో చెబితే సగమే అర్థమవుతుంది. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వీడియో చూసినవాళ్లు కూడా ఇది చదవండి. వీడియోలో చెప్పని విషయం ఒకటుంది. నేను చేసిన తప్పు. అది చెప్పకుండా సంచి కొనమని చెబితే మీకు అన్యాయం చేసినట్టే.

ముందుగా నా జవాబు చెప్పేస్తాను. సంచి పనిచేస్తుంది. కానీ అది పురుగును ఆపే సంచి, గింజను ఎండబెట్టే సంచి కాదు. మనం ఎంత ఎండబెట్టి వేస్తే అంతే నిలువ ఉంటుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా తేలిక.

ఈ గొడవ నాకెందుకు వచ్చిందంటే

బుచ్చిరెడ్డిపాలెం దగ్గర మాకు నాలుగెకరాల మాగాణి, ఎకరంన్నర మెట్ట ఉంది. వ్యవసాయ డిప్లొమా అయ్యాక కొన్నాళ్లు ఎరువుల షాపులో పనిచేసి, తర్వాత సొంత పొలంలోకే వచ్చేశాను. ప్రకృతి వ్యవసాయంలో పండించిన బియ్యం, మినుములు, పెసలు నెల్లూరు, చెన్నైలో ఇళ్లకు నేరుగా పంపుతున్నాం. దళారీ లేడు, రేటు మనది. కానీ సరుకు ఇంటికి చేరాక ఏం జరిగినా బాధ్యత కూడా మనదే.

చెన్నైలో ఒక టీచరమ్మ మొదటి నుంచీ మా దగ్గరే తీసుకునేది. ఒకసారి ఆమెకు 25 కేజీల బియ్యం, 5 కేజీల మినుములు పంపాం. నెలన్నర తర్వాత ఫోటో పెట్టింది. పళ్లెంలో మినుములు, ప్రతి గింజకూ గుండ్రంగా బొక్క, పక్కన పాకుతున్న పురుగులు. కోప్పడలేదు. "మందులు వేయరు కదా బాబూ, పురుగు పడితే మీ తప్పేం లేదులే" అంది. ఆ తర్వాత మాత్రం ఆర్డరు పెట్టలేదు. ఆమె చెప్పగా అదే అపార్ట్‌మెంట్‌లో తీసుకుంటున్న మరో నాలుగిళ్లు కూడా ఆగిపోయాయి. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

జీవామృతం, కషాయాలు, కలుపు, కోత అంటూ నాలుగు నెలలు కష్టపడతాం. చివరికి డబ్బాలో నలభై రోజుల్లో అంతా పోతుంది. మార్కెట్లో దొరికే పప్పుకు గోడౌన్లోనే పొగ పెట్టి పురుగు చంపుతారు. మనం అది చేయం. కొంతమంది రైతులు తెలియక అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు గుడ్డలో చుట్టి ఇంట్లో బియ్యం డ్రమ్ముల్లో వేస్తున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. దాని నుంచి వచ్చే ఫాస్ఫీన్ గ్యాసు మనుషుల ప్రాణాలు తీస్తుంది. అది శిక్షణ ఉన్నవాళ్లు గోడౌన్లలో వాడాల్సింది, మనుషులు పడుకునే ఇంట్లో పెట్టేది కాదు.

పురుగు సంచిలోకి బయట నుంచి రాదు

చాలామంది అనుకునేది ఏమిటంటే, సంచి బాగా కడితే పురుగు లోపలికి పోలేదు, కాబట్టి సరుకు భద్రం అని. ఇది సగమే నిజం. మినుములు, పెసలు, అలసందలు, కందులు వీటిని తినే పుచ్చు పురుగు పొలంలోనే మొదలవుతుంది. కాయ ముదిరేటప్పుడే వచ్చి కాయ మీద గుడ్లు పెడుతుంది. నూర్చిన తర్వాత గింజ మీదా పెడుతుంది. గింజకు అంటుకున్న చిన్న తెల్ల చుక్కలాగా కనిపించేది ఆ గుడ్డే. పిల్ల పురుగు గుడ్డు కింద నుంచే గింజలోకి దూరిపోతుంది. పైకి గింజ నిక్షేపంలా ఉంటుంది. మన ఎండలకు సుమారు నెల రోజుల్లో లోపల పెరిగి, గుండ్రంగా బొక్క చేసుకుని బయటికి వస్తుంది. ఫోటోలో టీచరమ్మకు కనిపించింది అదే. అంటే పురుగు ఆమె వంటింట్లో పుట్టలేదు. నా కళ్ళం నుంచే పార్సిల్‌లో పోయింది.

బియ్యం, వడ్లలో పడే ముక్కు పురుగు కూడా ఇంతే. ఆడ పురుగు గింజకు చిన్న రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. జల్లెడ పట్టినా, చేటతో చెరిగినా బయట తిరిగే పురుగు పోతుంది కానీ గింజలో ఉన్నది పోదు.

లెక్క కూడా చూడండి. పుచ్చు పురుగు ఒక్కటి 80 దాకా గుడ్లు పెడుతుంది. అందులో సగం ఆడవి అనుకుంటే నెలకు 40, రెండో నెలకు 1600. అన్నీ బతకవు, నిజమే. కానీ జూన్‌లో ఒక్క పురుగు కూడా కనపడని మినుములు ఆగస్టులో పిండిపిండి ఎందుకు అవుతాయో ఈ లెక్కలోనే ఉంది.

సంచి లోపల ఏం జరుగుతుంది

గాలి చొరబడని సంచిని ఇంగ్లీషులో హెర్మెటిక్ బ్యాగ్ అంటారు. ఇందులో మందు ఏమీ ఉండదు. లోపల ఉన్న పురుగులు, గింజలు ఊపిరి తీసుకుని సంచిలో ఉన్న ఆక్సిజన్ వాడేస్తాయి. బయట గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ సంచిలో 5 శాతం కంటే కిందికి పడిపోతే పురుగు తినడం ఆపేస్తుంది, గుడ్లు పెట్టడం ఆపేస్తుంది, మెల్లగా చచ్చిపోతుంది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. పురుగు చచ్చేది ఊపిరాడక మాత్రమే కాదు, దాహంతో. ఎండిన గింజలో నీళ్లు ఎక్కడివి? పురుగు తిన్న తిండిని ఆక్సిజన్‌తో అరిగించుకుని, అందులో నుంచే తనకు కావాల్సిన నీటిని తయారు చేసుకుంటుంది. ఆక్సిజన్ లేకపోతే ఆ నీళ్లు లేవు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో లారీ మర్డాక్ అనే శాస్త్రవేత్త బృందం ఈ సంగతి తేల్చింది. 1980ల చివర్లో ఆఫ్రికాలోని కామెరూన్‌లో అలసందలు పుచ్చిపోకుండా ఉండేందుకు వాళ్లు మొదలుపెట్టిన పని నుంచే మూడు పొరల పిక్స్ సంచి వచ్చింది. లోపల 80 మైక్రాన్ల మందం ఉన్న పాలిథీన్ సంచులు రెండు, బయట మామూలు అల్లిక సంచి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఇరి వాళ్లు ప్రచారం చేసిన సూపర్ బ్యాగ్ కూడా ఇదే సూత్రం. గోనె సంచి లోపల లైనర్ లాగా వేసి వడ్లు పోసి కడతారు.

ఇది మనకు తెలియని విద్య కాదు. మన పెద్దోళ్ల పాతర గుర్తుందా? మెట్ట ప్రాంతాల్లో జొన్నలు నేలలో గొయ్యి తీసి, గడ్డి పరిచి, నింపి, పైన మట్టితో మూసేవాళ్లు. పాతర తీసిన వెంటనే లోపలికి దిగనిచ్చేవాళ్లు కాదు. కాసేపు తెరిచిపెట్టి, దీపం దించి, అది ఆరిపోకుండా ఉంటేనే మనిషి దిగేవాడు. ఆక్సిజన్ లేదని వాళ్లకు దీపం చెప్పేది. ఈ సంచి కూడా మోసుకెళ్లే పాతర లాంటిదే.

అయితే మన నెల్లూరు డెల్టాలో పాతర నడవదు. నేల అంతా తడి. అందుకే మనవాళ్లు గాదెలు, గరిసెలు కట్టుకున్నారు. తడి నేలలో పాతర తీయకూడదని వాళ్లకు తెలుసు. తడి గింజను సంచిలో మూయకూడదని నాకు మాత్రం దెబ్బ తిన్నాకే తెలిసింది. అది కింద చెబుతాను.

మేం చూసింది ఇది

మెట్టలో పండిన మినుములను మార్చి ఎండలో బాగా ఎండబెట్టాం. ఒకే కుప్ప నుంచి నాలుగు భాగాలు తీసి, ఆగస్టులో విప్పాం. వీడియోలో వీటినే చూపించాను.

మొదటిది గోనె సంచి. పైన వేపాకు వేశాం. గుప్పెడు తీస్తే సగానికి సగం బొక్కలే. అడుగున పిండి.

రెండోది షాపులో దొరికే మామూలు పాలిథీన్ కవరు, గట్టిగా కట్టింది. గోనె కంటే నయం, కానీ పురుగు ఉంది. కవరుకు అక్కడక్కడా సన్నని రంధ్రాలు కూడా కనిపించాయి. పలచటి పాలిథీన్ నీళ్లను ఆపుతుంది కానీ గాలిని పూర్తిగా ఆపదు. పైగా పురుగు దాన్ని కొరికి బయటపడగలదు.

మూడోది హెర్మెటిక్ సంచి, మార్చిలో కట్టి మళ్లీ ఆగస్టు దాకా ముట్టుకోలేదు. వెతికితే చచ్చిన పురుగులు కొన్ని దొరికాయి, కొన్ని గింజలకు బొక్కలున్నాయి. అవి కట్టక ముందే లోపల ఉన్నవి. అక్కడితో ఆగిపోయాయి. నానబెట్టి రుబ్బితే పిండి బాగా పొంగింది, వాసన లేదు.

నాలుగోది కూడా అదే సంచి, కానీ వంటింట్లో పెట్టాం. మా ఆవిడ ఇడ్లీకి, దోశకు వారానికి రెండుసార్లు విప్పి తీసుకుని మళ్లీ కట్టేది. ఇందులో పురుగు బతికే ఉంది. గోనె అంత కాదు, కానీ ఉంది.

ఇంట్లో వాడుకునేవాళ్లకు ఈ నాలుగో సంచే అసలు పాఠం. విప్పిన ప్రతిసారీ కొత్త గాలి పోతుంది. లోపల ఆక్సిజన్ తగ్గడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. మూడు రోజులకోసారి విప్పితే అది ఎప్పటికీ తగ్గదు. అప్పుడు ఖరీదైన సంచికీ మూత ఉన్న డబ్బాకీ తేడా లేదు. "మూత తీసి వాడుకోండి, ఏడాది పొడుగునా ఫ్రెష్" అని ఎవరైనా అమ్మితే నమ్మకండి.

వీడియోలో చెప్పని సంచి

ఈ పరీక్షకు ముందు ఏడాది సంగతి ఇది. టీచరమ్మ పోయాక నేను తొందరపడి సంచులు తెప్పించాను. ఎడగారు కోత సెప్టెంబరులో వచ్చింది. నెల్లూరు మసూరి, అంటే ఎన్‌ఎల్‌ఆర్ 34449. విత్తనానికని 50 కేజీలు పక్కన పెట్టాం. రోజు మార్చి రోజు వాన. పట్టల మీద పోయడం, మబ్బు పట్టగానే ఎత్తడం. రెండు రోజుల ఎండ సరిగా తగిలిందో లేదో, నేను సంచిలో పోసి కట్టేశాను.

మా నాయన గింజ కొరికి చూసి "ఇంకా మెత్తగా ఉన్నాయిరా" అన్నాడు. నేను డిప్లొమా చదివినోణ్ణి కదా. "గాలే పోదు నాయనా, బూజు ఎట్లా వస్తుంది?" అన్నాను. ఆయన ఇంకేం అనలేదు.

నవంబరులో నారు పోసుకుందామని విప్పితే పులిసిన గంజి వాసన కొట్టింది. సంచి లోపలి గోడకు చెమట పట్టి ఉంది. చేత్తో తీస్తే గింజలు ఉండలు కట్టాయి. వంద గింజలు తడిగుడ్డలో కట్టి చూస్తే పదికి మించి మొలకెత్తలేదు. పక్క ఊళ్లో తెలిసిన రైతును అడిగి విత్తనం తెచ్చుకున్నాం. ఆయన ఇచ్చాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఏడాది మా సొంత విత్తనం లేనట్టే. మా నాయన ఆ రోజు కూడా ఏమీ అనలేదు. సంచి కడిగి ఎండలో ఆరేశాడు, అంతే.

తప్పు సంచిది కాదు, నాది. గోనె సంచిలో అయితే తడి కొంచెం కొంచెంగా బయటికి పోతుంది. గాలి పోని సంచిలో నీళ్లూ పోవు. తడి గింజ ఎక్కువ ఊపిరి తీసుకుంటుంది, వేడెక్కుతుంది, లోపలే పులుస్తుంది, మొలక చచ్చిపోతుంది. అదే గింజను బాగా ఎండబెట్టి వేసి ఉంటే ఇదే సంచి విత్తనాన్ని కాపాడేది. సరిగా ఆరిన వడ్ల విత్తనానికి మొలక శక్తి 6 నెలలు ఉండేది సూపర్ బ్యాగ్‌లో 12 నెలల దాకా ఉంటుందని ఇరి వాళ్లు చెబుతారు.

తేమ ఎంత ఉండాలి

మన దేశంలో విత్తన ధ్రువీకరణ ప్రమాణాలు చూస్తే ఈ విషయం స్పష్టంగా ఉంది. వడ్ల విత్తనం మామూలు సంచిలో అయితే తేమ 13 శాతం దాకా ఉండొచ్చు. తేమ చొరబడని ప్యాకింగ్‌లో అయితే 8 శాతం దాటకూడదు. మినుములు, పెసలకు మామూలు సంచిలో 9, తేమ చొరబడని దాంట్లో 8. చూడండి, సంచి ఎంత బిగుతుగా ఉంటే గింజ అంత ఎక్కువ ఎండి ఉండాలి. మనం అనుకునేదానికి ఇది పూర్తిగా తలకిందులు. అంత మంచి సంచి ఉంది కదా అని మనం ఎండబెట్టడం తగ్గిస్తాం.

ఇంట్లో 8 శాతానికి తేవడం అందరికీ కుదరదు. తిండి కోసం ఉంచుకునేదానికి మేం పాటిస్తున్నది ఇది: వడ్లు 12 శాతం, పప్పుధాన్యాలు 9 నుంచి 10 శాతం. ధాన్యం కొనుగోళ్లలో ప్రభుత్వం 17 శాతం తేమ దాకా తీసుకుంటుంది. అది మిల్లుకు పోయే ధాన్యానికి పెట్టిన హద్దు, మన ఇంట్లో నిలువకు కాదు. రెండూ కలపొద్దు.

ఎండబెట్టడానికి మనకు మనసెందుకు రాదో కూడా నిజాయితీగా మాట్లాడుకుందాం. బరువు తగ్గుతుంది. 17 శాతం తేమ ఉన్న వడ్లు 100 కేజీలు 12 శాతానికి ఆరబెడితే 94 కేజీల చిల్లర మిగులుతుంది. మన నెల్లూరు పుట్టి 850 కేజీల లెక్కన పుట్టికి 48 కేజీలు గాలిలో కలిసినట్టు. కానీ ఆ 48 కేజీలు గింజ కాదు, నీళ్లు. ఆ నీళ్లను మనం బియ్యం రేటుకు అమ్మితే, ఆ నీళ్లే పురుగై, బూజై తిరిగి వస్తాయి. నేను ఇప్పుడు ఆ తరుగు లెక్కేసి రేటు పెడుతున్నాను. కస్టమర్లకు చెప్పి మరీ పెడుతున్నాను. ఎవరూ కాదనలేదు.

తేమ చూసుకునే పద్ధతులు:

1. మీటరు. ధాన్యం కొనుగోలు చేసే చోట్ల తేమ చూసే మీటరు ఉంటుంది. గుప్పెడు గింజలు మూత బిగించిన డబ్బాలో తీసుకుపోయి చూపించుకోండి. నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా మంచిదే.

2. ఉప్పు సీసా. బాగా ఆరిన గాజు సీసాలో గింజలు మూడో వంతు పోసి, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత పెట్టి బాగా ఊపండి. పదిహేను నిమిషాలు ఆగి చూస్తే ఉప్పు గాజుకు అంటుకుని ఉంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టు. ఆ గింజ సంచికి పనికిరాదు. ఉప్పు అంటకపోతే 15 లోపు ఉందని మాత్రమే అర్థం. అక్కడితో ఆగకుండా ఇంకా ఎండబెట్టాలి.

3. పన్ను. మా నాయన పద్ధతి. కొరికితే కటుక్కుమని రెండుగా విరగాలి. పన్ను దిగబడితే చాలలేదు. రెండో రోజు పొద్దున్నే కొరికి చూడండి. ఎండలో నుంచి అప్పుడే తీసిన గింజ గట్టిగా ఉన్నట్టు మోసం చేస్తుంది.

సంచి కట్టే పద్ధతి

వీడియోలో చేసి చూపించాను, వరుస మాత్రం ఇక్కడ రాసుకోండి.

ముందు సంచిలో గాలి నింపి, మెడ పట్టుకుని నొక్కండి. ఎక్కడైనా సుయ్‌మంటే ఆ సంచి పక్కన పెట్టేయండి. ఒక్క సూది బొక్క చాలు అంతా వృథా.

మినుములు, పెసలు అయితే పట్ట మీద పలచగా పోసి మిట్ట మధ్యాహ్నం ఎండ బాగా తగలనివ్వండి. తిండి గింజలకు పైన పలచటి పారదర్శకమైన పాలిథీన్ కప్పితే ఇంకా వేడెక్కి గుడ్లు, పిల్ల పురుగులు చస్తాయి. విత్తనానికి మాత్రం కప్పొద్దు, మొలక దెబ్బతింటుంది.

వేడి గింజను సంచిలో పోయొద్దు. పొద్దుగూకాక నీడన పూర్తిగా చల్లారనివ్వండి. వేడిగా పోస్తే లోపల చెమట పడుతుంది. అలాగని రాత్రంతా బయట వదిలేయొద్దు. మనది సముద్రం గాలి, తెల్లారేసరికి తేమ మళ్లీ పీల్చుకుంటుంది.

చెత్త, పుల్లలు, మట్టిబెడ్డలు లేకుండా చెరగండి. పుల్ల గుచ్చుకుంటే సంచికి బొక్క పడుతుంది. నిండా పోసి, పైన చేత్తో నొక్కి గాలి తీసేయండి. సగం నింపిన సంచిలో గాలి ఎక్కువ ఉంటుంది, పురుగు ఎక్కువ రోజులు బతుకుతుంది. మెడ మెలి తిప్పి కట్టండి, వంచి దాని మీద మళ్లీ కట్టండి. రెండు లైనర్లు ఉంటే దేనికది విడిగా కట్టాలి.

నేల మీద పెట్టకుండా చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి. ఎలుకలను ఈ సంచి ఆపలేదు, అది దీని పెద్ద లోపం. ఎలుకల బెడద ఉన్న ఇంట్లో సంచిని ఇనుప డ్రమ్ములో దించి మూత పెట్టడమే మేలు. వడ్లలో పడే నుసి పురుగు కూడా ప్లాస్టిక్‌ను కొరకగలదు. అందుకే వాడిన సంచిని మళ్లీ వాడే ముందు ఎండలో ఆరబెట్టి, గాలి పరీక్ష తప్పకుండా చేయండి.

బియ్యం సంగతి వేరు

మనలో చాలామంది అమ్మేది సింగిల్ పాలిష్ లేదా ముడి బియ్యం. వీటి మీద తవుడు పొర ఉంటుంది, తవుడులో నూనె ఉంటుంది. మర ఆడించిన క్షణం నుంచి ఆ నూనె చెడడం మొదలవుతుంది. అదే ముక్కిన వాసన. గాలి చొరబడని సంచి ఆ పనిని కొంత నెమ్మదింపజేస్తుంది, పూర్తిగా ఆపలేదు. ఎందుకంటే తవుడులో ఉండే ఎంజైము నూనెను విడగొట్టడానికి దానికి ఆక్సిజన్ అవసరం లేదు.

కాబట్టి బియ్యానికి అన్నిటికంటే మంచి సంచి వడ్ల పొట్టే. వడ్లుగా నిలువ పెట్టండి, ఆర్డర్లు చూసుకుని నెలకోసారి మర ఆడించండి. మేం ఇప్పుడు ఇదే చేస్తున్నాం. వడ్లు పెద్ద హెర్మెటిక్ సంచుల్లో ఉంటాయి. ఆడించిన బియ్యం 5 కేజీల ప్యాకెట్లలో పోతాయి, ప్యాకెట్ మీద ఆడించిన తేదీ ఉంటుంది. 25 కేజీల బస్తా పంపడం మానేశాం. నలుగురున్న ఇంట్లో అది రెండు నెలలు కూర్చుంటుంది, పురుగుకు మనమే టైము ఇచ్చినట్టు.

కూరగాయలకు ఇదే సంచి వాడొద్దు

ఇది కూడా చాలామంది అడుగుతున్నారు. ఎండిన గింజ నిద్రపోతున్నట్టు ఉంటుంది. కోసిన కూరగాయ, ఆకుకూర బాగా ఊపిరి తీసుకుంటూ ఉంటుంది. దాన్ని గాలి పోని సంచిలో బిగిస్తే ఆక్సిజన్ అయిపోయి, చెమట పట్టి, కుళ్లు వాసన వస్తుంది. ఆకుకూరలకు తడిగుడ్డ, లేదా రంధ్రాలున్న కవరు చాలు. ఎండాకాలం పడమటి గాలి వీచేటప్పుడు ఢిల్లీలోని ఐఏఆర్ఐ వాళ్లు 1980లలో రూపొందించిన పూసా చల్లని గది బాగా పనిచేస్తుంది. రెండు వరుసల ఇటుక గోడ, మధ్యలో తడి ఇసుక, కరెంటు అక్కర్లేదు. వానాకాలం మన తేమ గాలిలో దాని బలం తగ్గుతుంది.

కొనాలా వద్దా

విత్తనం దాచుకునేవాళ్లు, మూడు నెలలకు మించి వడ్లు, పప్పుధాన్యాలు ఉంచి అమ్మేవాళ్లు కొనండి. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ముందు రెండు సంచులతో మొదలుపెట్టండి.

ఇంట్లో వండుకోవడానికి నెలకు నాలుగు కేజీలు వాడేవాళ్లకు అవసరం లేదు. గింజలను బాగా ఎండబెట్టి, చల్లార్చి, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో పెట్టుకోండి. కేజీ పప్పుధాన్యానికి 5 మి.లీ. వేపనూనె లేదా వంటనూనె పట్టిస్తే గుడ్లు బతకవు. తినేదానికి వంటనూనె, ఆముదం వాడండి, వేపనూనె విత్తనానికి ఉంచుకోండి. పెద్ద సంచి కొనుక్కున్నా సరే, దాన్ని నెలకోసారే విప్పి, ఆ నెలకు కావాల్సింది డబ్బాలోకి తీసుకుని వెంటనే కట్టేయండి.

పట్నం కస్టమర్లకు నేను ఒక చీటీ పెడుతున్నాను. "మా పప్పుల్లో పురుగు మందు లేదు. వచ్చిన రోజే ప్యాకెట్ విప్పకుండా ఫ్రిజ్ పైన ఉండే ఐసు గదిలో నాలుగు రోజులు పెట్టండి. తర్వాత బయట పెట్టి, పూర్తిగా మామూలు చల్లదనానికి వచ్చాకే విప్పండి." ఆ చలికి గింజలో ఉన్న గుడ్డూ, పిల్ల పురుగూ చస్తాయి. ముందే విప్పితే గింజకు చెమట పడుతుంది, అందుకే ఆ చివరి మాట.

మొన్న ఆ టీచరమ్మకు కూడా ఫోన్ చేశాను. ఏం జరిగిందో, ఇప్పుడు ఏం మార్చామో చెప్పి, 2 కేజీల మినుములు చీటీతో పాటు పంపాను, డబ్బులు వద్దన్నాను. ఆమె వద్దంటే వినకుండా డబ్బులు పంపింది. "మూడు నెలలు చూసి చెబుతాను బాబూ" అంది. ఇంకా నెలన్నర ఉంది.

వచ్చే వీడియోలో పాలిథీన్ కప్పి మినుములు ఎండబెట్టే పద్ధతి, ఉప్పు సీసా పరీక్ష రెండూ మా కళ్ళం దగ్గరే చేసి చూపిస్తాను. ఈలోగా మీ ఇంట్లో నిలువ ఉన్న గింజ ఒకటి తీసి రేపు పొద్దున్నే కొరికి చూడండి. కటుక్కుమందా, దిగబడిందా? సంచి కొనాలో వద్దో దాన్ని బట్టే తెలిసిపోతుంది.